మూడు చెంబుల నీళ్ళు

"ఆదివారం సాయంత్రం అయిదింటికి పాత సామాన్ల అతన్ని రమ్మన్నాను," అన్నారు బావగారు, మెట్ల మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటూ. "పైపు, రేకులు, ఆ డబ్బాలు, అన్నీ పట్టుకుపోతాడు. సోమవారం నుంచి పెరట్లో నా స్కూటరు ఉంటుంది. ఇంక దీని గురించి మాట్లాడేది లేదు."

మాట్లాడేది లేదంటూనే ఇంకో పావుగంట మాట్లాడారు. ఆయన మా ఆయనకి అన్నగారు. డిప్లొమా చదివారు, పంపులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం, పై వాటా ఆయనది. కింద వాటాలో అత్తయ్య, మావయ్య, మేమిద్దరం, ఏడాదిన్నర పాప.

"నీళ్ళల్లో డబ్బాలు తేల్చి కరెంటు తీస్తారట! మామాకోడళ్ళిద్దరూ కలిసి! ఒకరికి మోకాళ్ళు పోయాయి, ఇంకొకరికి తొమ్మిదో తరగతి పోయింది. మన ఇంటికి ఇద్దరు సైంటిస్టులు!"

అత్తయ్య కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. అయినా చేతిలో పాపకి పెట్టే అన్నం గిన్నె ఉంది, కోపంగా మాట్లాడితే దానికి పొలమారుతుందని భయం. ఇంకో ముద్ద కలిపాను.

మావయ్య మాత్రం కుర్చీలోంచే గొంతెత్తారు. "ఒరేయ్, ఆదివారం పొద్దున ఏడింటికి మొదలుపెడతాం. సాయంత్రం అయిదు దాకా ఎవరూ చెయ్యి వెయ్యకుండా తిరిగితే ఏం చేస్తావు?"

"తిరిగితే స్కూటరు వీధిలో పెట్టుకుంటాను, వానలో తడవనీ."

"మాట మీద నిలబడతావా?"

"మీ మిషను నిలబడితే నేనూ నిలబడతాను, నాన్నా."

అదీ పందెం. బావగారికి అది పెరట్లో ఓ మూల. మావయ్యకి ముప్ఫయ్యేళ్ళ ఆలోచన. నాకేమిటో చెప్పడం కష్టం. తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ మంచం పట్టింది, తమ్ముళ్ళని చూసుకోవడానికి బడి మాన్పించారు. ఆ తర్వాత నేను అడిగిన ఏ ప్రశ్నకీ ఎవరూ జవాబు చెప్పలేదు. ఈ మిషను చెప్పేది. తప్పు చేస్తే ఆగిపోయేది, సరిచేస్తే కదిలేది. అది పోతే నాకు మిగిలేది గిన్నెలూ, భయాలూ.

భయాల సంగతి నేనే ఒప్పుకుంటాను. గ్యాసు కట్టేశానా అని మూడుసార్లు చూస్తాను. పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. పెరట్లో నీళ్ళ తొట్టి పెట్టిన రోజే దాని మీద ఇనుప జాలీ వేసి నాలుగు వైపులా తీగతో బిగించాను. అయినా పని చేస్తూ చేస్తూ తల తిప్పి చూస్తూనే ఉంటాను. "ఇలా తిప్పుతూనే ఉంటే నీ మెడలోంచి కూడా కరెంటు తియ్యొచ్చే," అంటుంది అత్తయ్య.

ఇక మిషను. మావయ్య నీళ్ళ కంపెనీలో పంపు ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. "తేలే వస్తువు పైకి రావడానికి ఎవరూ బతిమాలక్కర్లేదమ్మా, దానంతటదే వస్తుంది. పైకొచ్చినదాన్ని కిందకి జారిస్తే దాని బరువుతో చక్రం తిరుగుతుంది. కిందకొచ్చినదాన్ని మళ్ళీ నీళ్ళల్లోకి పంపగలిగితే చాలు," అనేవారు. ఆ 'చాలు' దగ్గరే ముప్ఫయ్యేళ్ళు ఆగిపోయారు. నేను కాపురానికొచ్చేసరికి ఆయన మోకాళ్ళు పనిచేయడం మానేశాయి, కాబట్టి చేతులు నావి అయ్యాయి.

పన్నెండడుగుల పైపు, పెరటి మెట్ల పక్కన నిలబెట్టి మూడు చోట్ల కట్టాం. నిండా నీళ్ళు. పాప పాలపొడి డబ్బాల్లో ఇసుకా రంపప్పొట్టూ కూరి, మూతలు సీలు చేశాను. నీళ్ళల్లో వేస్తే వేలెడంత మాత్రమే పైకి తేలాలి, అంతకన్నా తేలిగ్గా ఉంటే కిందకి జారేటప్పుడు బరువు చాలదు. మొదట్లో ఖాళీగా ఉంచిన డబ్బాని పైపు అడుగుకి తోస్తే, బయటికి తీసేసరికి నడుం దగ్గర నొక్కుకుపోయింది. పిడికిట్లో పెట్టి నలిపినట్టే. పన్నెండడుగుల నీళ్ళకి అంత బలం ఉంటుందని నాకు చెప్పింది ఆ డబ్బానే.

పైపు అడుగున ఒక చిన్న గది, దానికి పైన ఒక తలుపు, కింద ఒక తలుపు. కింది తలుపులోంచి డబ్బా గదిలోకి వెళ్తుంది, అది మూసుకుంటుంది, పై తలుపు తెరుచుకుంటుంది, డబ్బా తేలుకుంటూ పైకి పోతుంది. పైన పైపు అంచు మీంచి పొర్లే నీళ్ళతో పాటు డబ్బా బయటికి దొర్లి, నేను కుట్టిన సంచి గుడ్డ పట్టీ జేబులో పడుతుంది. దాని బరువుకి పట్టీ దిగుతుంది, సైకిలు డైనమో తిరుగుతుంది, చిన్న బల్బు వెలుగుతుంది. కిందకొచ్చిన డబ్బా తలుపులు నడిపే మీటని తన్ని మళ్ళీ గది ముందుకొస్తుంది.

ఆ తలుపులే ఆర్నెల్లు తినేశాయి. లోపలి నీళ్ళ ఒత్తిడికి పై తలుపు తెరుచుకునేది కాదు. మావయ్య స్ప్రింగులు మార్చారు, బరువులు కట్టారు. ఒకరోజు కుక్కరు మూత తీయబోతూ ఆగాను. ఆవిరి పోకుండా మూత తియ్యం కదా! "మావయ్యా, ముందు ఒక చిన్న కన్నం తెరుచుకోవాలి. రెండు వైపులా నీళ్ళు సమానమయ్యాక తలుపు తెరుచుకోవాలి," అన్నాను. ఆయన నా వంక చూసి, "తొమ్మిదిలోనే ఎందుకాపేశారే నిన్ను," అన్నారు. ఆ కన్నంతో మిషను నడిచింది.

ప్రతి డబ్బాకీ గదిలోని నీళ్ళు కొంచెం కింద తొట్టిలోకి పోయేవి. పైపు నిండుగా ఉండాలి కాబట్టి మేడ మీది ట్యాంకు నుంచి రబ్బరు గొట్టం వేసి, కుళాయి సన్నగా వదిలేవాళ్ళం. "ఒలికినది నింపడం అంతే, దాన్ని లెక్కలోకి తీసుకోకు," అనేవారు మావయ్య. నేనూ తీసుకోలేదు.

శనివారం ఆఖరి పరీక్ష. పొద్దున్నుంచీ మిషను తిరుగుతోంది. నేను తొట్టి జాలీ ఒక మూల విప్పి, నీళ్ళు తోడుకుని పాప బట్టలు ఉతుకుతున్నాను, మంచి నీళ్ళు కదా, పారబొయ్యడమెందుకని. అత్తయ్య మేడ దిగివచ్చింది.

"ఏమే పిల్లా, ట్యాంకు ఖాళీ! పొద్దున్నుంచి రెండుసార్లు మోటారేశాను. ఇంతకుముందు రోజు విడిచి రోజు వేసేదాన్ని. నీళ్ళు ఎవరు తాగుతున్నారు, మీ మిషనా?"

"ఒలికిపోతాయి కదత్తయ్యా, కొంచెం."

"కొంచెమా! ఆ కొంచెంలో వీధి వీధంతా స్నానం చెయ్యొచ్చు!"

ఆవిడ లోపలికి పోయింది. నేను సబ్బు చేతులతో అలాగే కూర్చున్నాను. తర్వాత తొట్టిలోకి నీళ్ళు పడే చోట బకెట్టు పెట్టాను. అయిదు డబ్బాలకి బకెట్టు నిండింది. నా మీద నాకు నమ్మకం లేదు కాబట్టి మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ అయిదే. చెంబుతో కొలిచాను. పదిహేను చెంబులు. డబ్బాకి మూడు.

ఒక్క డబ్బా బరువు నిండు చెంబుకి కొంచెం తక్కువ. అంటే, చెంబెడు బరువు పైకి వెళ్ళడానికి మూడు చెంబుల నీళ్ళు పైనుంచి కిందకి పోతున్నాయి. ఆ నీళ్ళు అంతకుముందు ఎక్కడున్నాయి? మేడ మీద. మేడ మీదకి ఎవరెక్కించారు?

లోపల మోటారు గుర్రుమంటోంది.

పాపని చంకనేసుకుని మెట్లెక్కి కుళాయి కట్టేశాను. ఒక డబ్బా పైకొచ్చి దొర్లింది. ఇంకొకటి దొర్లింది. మూడోది పైకొచ్చింది గానీ, నీళ్ళు అంచుకి బెత్తెడు కిందనే ఉన్నాయి. అది అక్కడే అటూ ఇటూ ఊగుతూ ఉండిపోయింది. పట్టీ ఆగింది. బల్బు ఆరింది. కుళాయి తిప్పాను. బల్బు వెలిగింది.

మావయ్య లోపల గురక పెడుతున్నారు.

ఇద్దరూ పంపుల వాళ్ళే, మావయ్యా బావగారూ. వాళ్ళ లెక్కలో నీళ్ళంటే తోయించుకునేవి. అవే తోస్తాయని వాళ్ళకి తట్టదు. ఆ గొట్టాన్ని మావయ్య రోజూ తన చేత్తోనే సరిచేసేవారు. అయినా చూడలేదు. నేనైనా ఉతికే బట్టలు లేకపోతే చూసేదాన్ని కాదు.

సాయంత్రం మా ఆయన లాండ్రీ నుంచి రాగానే చెప్పాను. అక్కడ ఇస్త్రీ టేబులు దగ్గర పని ఆయనకి. చొక్కా గుండీలు విప్పుకుంటూ మొత్తం విన్నారు.

"ఎవరికీ చెప్పకు," అన్నారు. "రేపు అయిదు దాకా కుళాయిని ఎవరూ ముట్టుకోరు. నాన్న సంతోషిస్తారు, అన్నయ్య నోరు మూస్తాడు. నీ మిషను నీకుంటుంది. ఇంకేం కావాలి?"

ఇంకేం కావాలో నాకూ వెంటనే తెలియలేదు. ఆయన విప్పిన చొక్కా అందుకుంటూ, "మీ లాండ్రీలో బట్టలు జాడించిన నీళ్ళు ఎటు పోతాయి?" అని అడిగాను.

"రెండో అంతస్తు నుంచి వెనక గోడ పైపులోంచి కాలవలోకి. ఎందుకు?"

"రోజంతా పోతాయా?"

"పోతాయి. ఎందుకంటే చెప్పవేం?"

ఆదివారం పొద్దున ఏడింటికి మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. మిషను చుట్టూ తాడు కట్టించారు, ఎవరూ చెయ్యి వెయ్యకుండా. బావగారు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నారు. గంటకోసారి తాడు దాటి వచ్చి తొట్టి కింద చూసేవారు, పైపు వెనక తడిమేవారు.

"బ్యాటరీ ఎక్కడ దాచావమ్మా?"

"మీ జేబులో చూసుకోండి బావగారూ."

మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆయన మెట్ల మీద నిలబడి ఆ రబ్బరు గొట్టం నీళ్ళతోనే చెయ్యి కడుక్కున్నారు! కడుక్కుని మళ్ళీ పైపులో పెట్టేశారు. నేను నవ్వాపుకోలేక లోపలికి పోయాను. లోపలికి పోయాక నవ్వు రాలేదు. గోడకి తల ఆనించి నిలబడ్డాను. పాప వచ్చి నా కాలు పట్టుకుంది. దాన్ని ఎత్తుకుని మళ్ళీ పెరట్లోకి వచ్చాను.

నాలుగున్నరకి బావగారు కుర్చీలోంచి లేచారు. మొహంలో వెటకారం పోయింది. మావయ్య భుజం మీద చెయ్యి వేశారు.

"నాన్నా, ఒప్పుకుంటున్నాను. ఎలా తిరుగుతోందో నాకు అంతుపట్టట్లేదు. ఇందాక మా మేనేజరుకి వీడియో పంపాను. రేపు మనుషుల్ని తీసుకుని వస్తానన్నాడు."

మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కోడలి పేరు కూడా చెప్పు వాళ్ళకి," అన్నారు. "కన్నం ఆలోచన దానిదే."

ఆ మాట వినకపోతే ఊరుకునేదాన్నేమో. అయిదింటి దాకా అరగంటే ఉంది. కానీ రేపు వచ్చేవాళ్ళలో ఒకడు, గొట్టం నీళ్ళతో చెయ్యి కడుక్కోని వాడొకడు, నవ్వుతూ చెయ్యి చాచి ఆ కుళాయి కట్టేస్తాడు. మావయ్య ఇదే ఇస్త్రీ చొక్కాలో కూర్చుని ఉంటారు.

పాపని అత్తయ్య ఒళ్ళో పెట్టాను. మెట్లెక్కాను. కుళాయి కట్టేశాను.

"ఏయ్! ఎవరూ ముట్టుకోకూడదన్నాం కదా!" అని అరిచారు బావగారు.

"మిషన్ని ముట్టుకోలేదు బావగారూ. కుళాయి కట్టానంతే."

ఒక డబ్బా దొర్లింది. ఇంకొకటి. మూడోది దొర్లలేదు. పట్టీ ఆగింది. బల్బు ఆరింది.

"ఏమైందమ్మా?" అన్నారు మావయ్య.

"నీళ్ళు ఆగాయి మావయ్యా, అందుకని ఆగింది. డబ్బాకి మూడు చెంబులు పైనుంచి కిందకొస్తున్నాయి. ఆ దిగడమే దీన్ని తిప్పుతోంది. డబ్బాలు కాదు. మేడ మీది ట్యాంకు. ట్యాంకుని నింపేది మోటారు. ఇవాళ అత్తయ్య నాలుగుసార్లు వేసింది, అడగండి."

"నాలుగు కాదు, అయిదు," అంది అత్తయ్య.

బావగారు ఒక్క క్షణం బిక్కమొహం వేసి, తర్వాత పెద్దగా నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూ నవ్వుతూ కడుపు పట్టుకున్నారు. "మోటారు తిప్పి నీళ్ళెక్కించి, ఆ నీళ్ళతో డబ్బాలెక్కించి, ఆ డబ్బాలతో మిణుగురు పురుగంత బల్బు! ఓరి నాయనో! మేనేజరుకి ఏం చెప్పను నేను!"

మావయ్య నవ్వలేదు. కుర్చీ చేతులు పట్టుకుని లేచి, ఒక్కొక్క మెట్టూ కూడదీసుకుంటూ పైకెక్కారు. కుళాయి తిప్పారు, చూశారు. కట్టారు, చూశారు. మళ్ళీ తిప్పారు. నాలుగుసార్లు.

"ఎప్పుడు తెలిసింది?"

"నిన్న."

"నిన్ననే చెప్పొద్దూ నాకు? ఇవాళ పది గంటలు నన్ను పెళ్ళికొడుకులా కూర్చోబెట్టావు. పోనీ, ఇంకో అరగంట ఆగలేకపోయావా?"

"నిన్న చెప్పాల్సింది. భయపడ్డాను, తప్పే. కానీ ఇవాళ ఆగితే రేపు వాళ్ళొచ్చి కట్టేసేవాళ్ళు. బయటివాళ్ళు కట్టేస్తే మీరు ఇంకెప్పుడూ రెంచీ ముట్టుకోరు. నాకది తెలుసు."

వీధి గుమ్మంలో బండి చప్పుడయింది. పాత సామాన్ల అతను కాటా భుజాన వేసుకుని పెరట్లోకి వచ్చాడు.

"పైపు ముందు దింపు," అన్నారు బావగారు అతనితో. "పందెం ఓడిపోయారు."

నేను మెట్లు దిగి పైపు ముందు నిలబడ్డాను.

"ఎవరూ దీని మీద చెయ్యి వెయ్యకండి. తిరగదని కదా పందెం? నాలుగున్నర దాకా తిరిగింది. ఆపింది నేను. నీళ్ళిస్తే ఇంకా తిరుగుతుంది."

"నీళ్ళిస్తే ఏదైనా తిరుగుతుందమ్మా! మా తాతలనాటి చక్రం కూడా తిరిగేది!"

"అయితే ఇదీ చక్రమే అనుకోండి. నీళ్ళు ఎవరూ ఎక్కించక్కర్లేని చోట పెడతాను. లాండ్రీ వెనక జాడింపు నీళ్ళు రోజంతా రెండో అంతస్తు నుంచి ఊరికే కాలవలో పడుతున్నాయి. అవి ఎలాగూ దిగిపోయేవే. దిగేటప్పుడు మన పైపులోంచి దిగుతాయి."

"లాండ్రీ వాళ్ళు నీ కోసం గేట్లు తెరిచి కూర్చున్నారా?"

మా ఆయన ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చలున్న చేతులు కట్టుకుని అంతసేపూ గుమ్మం దగ్గరే ఉన్నారు. "నిన్న రాత్రి భోజనాలకి ముందే ఓనరుని అడిగాను అన్నయ్యా," అన్నారు. "వెనక సందులో దీపం లేక మూటలు మోసేవాళ్ళు తడబడుతున్నారట. కాలవకి అడ్డం రాకపోతే పెట్టుకోమన్నాడు."

నాకు చెప్పలేదు ఆ మాట! చెప్పకు అన్న మనిషే వెళ్ళి అడిగొచ్చాడు. ఆయన్ని చూస్తే ఆయన పాప వైపు చూస్తున్నారు, సిగ్గు పడినట్టు.

"ఇంతకీ నేను తూకం వెయ్యాలా, వద్దా?" అన్నాడు పాత సామాన్ల అతను. "చీకటి పడకముందే ఇంకో రెండు ఇళ్ళు ఉన్నాయి నాకు."

"వద్దు," అన్నాను.

"వెయ్యి," అన్నారు బావగారు.

"వద్దు నాయనా, వెళ్ళు," అంది అత్తయ్య, పాపని చంక మార్చుకుంటూ. "ఇంకా దెబ్బలాడుకునేలా ఉన్నారు వీళ్ళు. నాకు మోటారు గోల తప్పితే చాలు, ఎక్కడైనా పెట్టుకోనీ."

అతను కాటా మళ్ళీ భుజాన వేసుకున్నాడు. నేను మెట్ల వైపు చూశాను. మావయ్య ఇంకా కుళాయి దగ్గరే, రెయిలింగు పట్టుకుని నిలబడి ఉన్నారు. అక్కణ్ణుంచే, నా మొహం వైపు చూడకుండా అడిగారు.

"జాడింపు నీళ్ళల్లో దారప్పోగులుంటాయి. నీ కన్నం పూడిపోదూ?"

"పూడిపోతుంది. ముందు జల్లెడ కట్టాలి."

"జల్లెడ నిండితే?"

"రోజుకి రెండుసార్లు దులపాలి. మా ఆయన దులుపుతారు."

"నేనెప్పుడన్నాను?" అన్నారు మా ఆయన.

"ఎత్తెంత?"

"ఇరవై రెండడుగులు. నిన్న భోజనాలయ్యాక లాండ్రీ మెట్ల మీంచి దారం వేలాడదీసి కొలిచాను."

మావయ్య లోపల్లోపల ఏదో లెక్క వేసుకున్నారు, పెదవులు కదిలాయి. "అయితే అడుగున ఈ రేకు తలుపు ఆగదు. అంత నీళ్ళకి వంగిపోతుంది. దళసరిది కావాలి," అని ఒక్కొక్క మెట్టూ దిగడం మొదలుపెట్టారు. కోపం తగ్గలేదని అడుగుల చప్పుడులోనే తెలుస్తోంది. తగ్గకపోతే మానె. దిగుతున్నారు కదా.

బావగారు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "ఇదిగో, నీ మంచికే చెప్తున్నా. అక్కడ కూడా పనిచెయ్యకపోతే పది మందీ నవ్వుతారు. అప్పుడేం చేస్తావు?"

"ఎందుకు పనిచెయ్యలేదో కనుక్కుంటాను."

"మళ్ళీ చెయ్యకపోతే?"

"మళ్ళీ కనుక్కుంటాను. ఒకసారి కనుక్కున్నాను కదా బావగారూ, మీరు పది గంటలు కూర్చుని కనుక్కోలేనిది."

ఆయన మొహం కందిపోయింది. పెరటి వైపు, పైపు వైపు, నా వైపు చూశారు. నేను పైపుకున్న మొదటి కట్టు దగ్గర కూర్చున్నాను. నట్టు తుప్పు పట్టి ఉంది, వేళ్ళతో కదల్లేదు.

"ఆ రెంచీ ఇటివ్వండి," అన్నాను. "మీ కాలి దగ్గరే ఉంది."